కట్ట మీద రాయితీ తీసి పాస్‌బుక్ మీద డబ్బు వేస్తే దున్నేవాడికి మిగిలేదెంత?

(కొండవీడులో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి తీతలు నడుస్తున్నాయి. మిరపకు మందు కొట్టే రోజులు. ఇలాంటప్పుడు ఒక పూట పోగొట్టుకోవడం అంటే ఏమిటో మాకు తెలుసు. కాబట్టి ఉపన్యాసం లాగా కాకుండా లెక్క చెప్పుకున్నట్టు మాట్లాడుకుందాం. మేం పెద్ద చదువులు చదివిన వాళ్ళం కాదు. కానీ ఎరువుల కొట్టు చీటీ, యార్డు పట్టీ, బ్యాంకు నోటీసు ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాం. ఆ చదువుతోనే ఈ విషయం చెబుతున్నాం.

విషయం ఏమిటంటే, సబ్సిడీల సంస్కరణ. ఈ మాట వినడానికి బాగుంటుంది. సంస్కరణ అంటే బాగుచేయడం. ఎవరికి బాగు, ఎవరికి చేటు అన్నదే మనం తేల్చుకోవాలి. "ఎరువుల కంపెనీలకు ఇచ్చే రాయితీ నేరుగా మీ ఖాతాలో వేస్తాం, మీకు ఇష్టమైన ఎరువు కొనుక్కోండి" అనే మాట పదేళ్ళుగా తిరుగుతోంది. మనలో కొందరికి అది మంచిదే అనిపిస్తుంది. అలా అనుకునే వాళ్ళను తప్పు పట్టడానికి కాదు, వాళ్ళతో కలిసి లెక్క వేయడానికే వచ్చాం.

ముందు జరిగిన కథ

ఎరువుల మీద రాయితీ 1977 నుంచి ఒక పద్ధతిగా నడిచింది. ఫ్యాక్టరీకి అయ్యే ఖర్చు లెక్కగట్టి, రైతుకు అమ్మే ధరకూ దానికీ ఉన్న తేడా ప్రభుత్వం కంపెనీకి ఇచ్చేది. 1991 జూలై బడ్జెట్‌లో ఎరువుల ధరలు ఒక్కసారిగా 40 శాతం పెంచారు. దేశమంతా గొడవ అయితే 30 శాతానికి తగ్గించారు. మరుసటి ఏడాది, 1992 ఆగస్టులో, భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల అదుపు ఎత్తేశారు. యూరియా ఒక్కటే అదుపులో ఉంచారు.

2010 ఏప్రిల్‌లో ఇంకో సంస్కరణ వచ్చింది. డీఏపీ, పొటాష్, కాంప్లెక్సు ఎరువులకు వాటిలో ఉన్న పోషకాన్ని బట్టి కిలోకు ఇంత అని రాయితీ ఖరారు చేసి, అమ్మకం ధర కంపెనీల ఇష్టానికి వదిలారు. అంతకు ముందు డీఏపీ కట్ట రూ. 470 లోపు, పొటాష్ కట్ట రూ. 223 ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి డీఏపీ రూ. 1,200 దాటింది, పొటాష్ రూ. 800 దాటింది. యూరియా మాత్రం 10 శాతం పెరిగి అక్కడే ఆగింది.

మరి రైతు ఏం చేస్తాడు? చవగ్గా దొరికేదే చల్లుతాడు. పొటాష్ తగ్గించాడు, యూరియా పెంచాడు. చేను పచ్చగా కనిపిస్తుంది, కానీ కాండం మెత్తబడుతుంది, రసం పీల్చే పురుగు ఎక్కువవుతుంది. కాయకు బరువు, రంగు తగ్గుతాయి. మిరప వేసిన వాడికి ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఆ తర్వాత అధికారులు వచ్చి "రైతులు యూరియా ఎక్కువ వేసి భూమి పాడు చేస్తున్నారు" అని క్లాసులు చెప్పారు. ధరలు తలకిందులు చేసింది ఎవరు, నింద మోసింది ఎవరు? ఒక ఎరువు మీద రాయితీ ఎక్కువ, ఇంకో దాని మీద తక్కువ పెడితే పంట పండే తీరే మారిపోతుంది. సబ్సిడీ సంస్కరణ అనేది ఢిల్లీ కాగితం మీద ఆగిపోయే మాట కాదనీ, నేరుగా మన చేలోకి వస్తుందనీ చెప్పడానికే ఈ కథ చెప్పాం.

2018లో ఇంకో చిన్న పని చేశారు. 50 కిలోల యూరియా కట్టను 45 కిలోలు చేశారు. రైతు కట్టల లెక్కన వేస్తాడు కాబట్టి వాడకం తగ్గుతుందని వాళ్ళ ఆలోచన. తక్కువైంది అనిపించి ఇంకో కట్ట వేసిన వాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమందో మీకే తెలుసు. అదే ఏడాదికి దేశమంతా ఈ-పాస్ మిషన్లు వచ్చాయి. వేలిముద్ర వేస్తే కట్ట. రాయితీ డబ్బు మాత్రం ఇప్పటికీ కంపెనీకే పోతుంది, కాకపోతే మనం వేలిముద్ర వేసిన తర్వాత పోతుంది.

ఖాతాలో డబ్బు లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 2015 జనవరిలో శాంతకుమార్ కమిటీ కేంద్రానికి నివేదిక ఇచ్చింది. ఎరువుల రంగాన్ని అదుపు నుంచి తీసేసి, రైతుకు హెక్టారుకు సుమారు రూ. 7,000 నగదు ఇవ్వమని అందులో ఉంది. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే ఎకరానికి సుమారు రూ. 2,830.

ఒక ఎకరం మిరపకు ఐదు కట్టల యూరియా పడుతుంది అనుకుందాం. ఇప్పుడు కట్ట రూ. 266.50. ఐదు కట్టలకు రూ. 1,332. రాయితీ లేకపోతే కట్ట రూ. 2,000 అనుకుందాం. ఐదు కట్టలకు రూ. 10,000. తేడా రూ. 8,660 పైన. చేతికిచ్చేది రూ. 2,830. యూరియా ఒక్కదాని మీదే ఎకరానికి రూ. 5,800 పైగా మన జేబులోంచి పెట్టాలి. వానాధారం పత్తికి రెండే కట్టలు వేస్తాం అనుకున్నా తేడా రూ. 3,460 పైన వస్తుంది. అక్కడా నష్టమే. డీఏపీ, పొటాష్ లెక్క ఇంకా తీయనే లేదు.

"అది ఎప్పటిదో 2015 లెక్క, ఇప్పుడు ఇస్తే ఎక్కువే ఇస్తారు" అని ఎవరైనా అనవచ్చు. సరే, ఎక్కువే ఇస్తారు అనుకుందాం. తర్వాత ఏడాదేడాదికీ పెంచుతారా? పీఎం కిసాన్ 2019లో మొదలైంది. అప్పుడూ ఏడాదికి రూ. 6,000, ఇప్పుడూ రూ. 6,000. ఆనాటి కూలి రేటుకు ఈనాడు కూలీలు వస్తున్నారా? ఆనాటి డీజిల్ రేటు ఈనాడు ఉందా?

అసలు తేడా ఇక్కడ ఉంది. కట్ట మీద రాయితీ ఉన్నప్పుడు బయట ధర పెరిగితే ఆ భారం ప్రభుత్వం మీద పడుతుంది, కాబట్టి ప్రభుత్వం కదులుతుంది. 2021లో డీఏపీ కట్ట రూ. 1,900 చేస్తామని కంపెనీలు అన్నాయి. రైతులు గోల చేస్తే మే 19న కేంద్రం కట్టకు రూ. 500 ఉన్న రాయితీని రూ. 1,200 చేసింది. మనకు కట్ట రూ. 1,200కే వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022-23లో ఎరువుల రాయితీ రెండున్నర లక్షల కోట్లు అయింది. అదే డబ్బు ఖాతాలో వేసే పద్ధతి అప్పటికే ఉండి ఉంటే ఏమయ్యేది? యుద్ధం రష్యాలో, ఉక్రెయిన్‌లో, భారం కొండవీడు రైతు నెత్తిన. "మీ డబ్బు మీ ఖాతాలో వేశాం కదా" అని చేతులు దులుపుకునేవాళ్ళు.

ఇంకో మాట. మనలో ఎంతమంది ఎరువు రొక్కం ఇచ్చి కొంటున్నాం? కొట్లో అరువు. పంట వచ్చాక కట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకున్నా, ఆ రూ. 8,660 అదనపు అరువుకు ఎనిమిది నెలలకు వడ్డీయే రూ. 1,380 పైన అవుతుంది. ఖాతాలో డబ్బు ఎప్పుడు పడుతుందో మనకు తెలియదు. చేనుకు ఎరువు ఎప్పుడు కావాలో వాన చెబుతుంది, బటన్ నొక్కే తేదీ చెప్పదు.

దున్నేవాడు ఒకడు, పాస్‌బుక్ ఒకడిది

ఇప్పటిదాకా చెప్పింది సొంత భూమి ఉన్న వాళ్ళ లెక్క. కౌలు రైతు సంగతి దీనికంటే కష్టం.

ఇవాళ ఉన్న పద్ధతిలో వంద లోపాలు ఉన్నాయి. కానీ ఒక్క మంచి ఉంది. కట్ట ఎవడు మోసుకుపోతే రాయితీ వాడిది. భూమి ఎవరి పేరున ఉందని కట్ట అడగదు. నాలుగెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేసిన వాడికీ, పది సెంట్లలో కూరగాయలు వేసిన ఆడమనిషికీ అదే ధర. రాయితీల్లో కౌలు రైతుకు అడగకుండానే అందేది ఇదొక్కటే.

దాన్ని పాస్‌బుక్‌కు ముడిపెడితే ఆ డబ్బు హైదరాబాదులో, గుంటూరులో ఉన్న పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఎరువు మాత్రం పూర్తి ధరకు కౌలు రైతు కొనాలి. ఊహించి చెప్పడం లేదు. పీఎం కిసాన్ భూమి పేరున ఉన్నవాళ్ళకే. మన రాష్ట్రంలో 2019లో రైతు భరోసా వచ్చింది, 2025 ఆగస్టు నుంచి అన్నదాత సుఖీభవ వచ్చింది. కేంద్రం ఇచ్చే ఆరు వేలు కలుపుకొని ఏడాదికి రూ. 20,000 అన్నారు. ఇది మంచిదే, కాదనం. కానీ కౌలు రైతు దాకా రావాలంటే కార్డు కావాలి. కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి.

ఈ సంతకం గొడవ ఎక్కడిది? 2011లో లైసెన్సుడు సాగుదారుల చట్టం వచ్చినప్పుడు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. అందులో పదకొండు నెలల ఒప్పందం, యజమాని అంగీకారం పెట్టారు. సంతకం పెడితే భూమి పోతుందేమో అని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమో అని కౌలు రైతు భయం. ఇద్దరి భయాల మధ్య కార్డు ఆగిపోతుంది. యజమానులను శత్రువులుగా చూడమని మేం చెప్పడం లేదు. వాళ్ళల్లోనూ రెండెకరాల వాళ్ళు, ముసలివాళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ హక్కుకు ఢోకా లేదని చట్టమే గట్టిగా చెప్పాలి, సంతకం లేకుండానే గ్రామసభలో సాగుదారుణ్ణి తేల్చాలి.

రాయితీ కోసం అడిగే కాగితాలు చూస్తే కొండవీటి చాంతాడు గుర్తుకొస్తుంది. ఆధార్, పాస్‌బుక్, ఈ-క్రాప్, ఈ-కేవైసీ, ఫార్మర్ రిజిస్ట్రీ పదకొండు అంకెల నంబరు, బ్యాంకు ఖాతాకు లింకు. మన ఊరి పేరు పెట్టుకున్న సామెత మనకే ఇలా పనికొస్తుందని అనుకోలేదు. ఎరువుల అమ్మకాన్ని కూడా ఈ రిజిస్ట్రీకి, సాగు విస్తీర్ణానికి ముడిపెట్టాలనే మాట వినిపిస్తోంది. పక్కదారి పట్టే యూరియాను ఆపాలంటే కొంత లెక్క ఉండాలి, ఒప్పుకుంటాం. కానీ రిజిస్ట్రీలో కౌలు రైతు పేరు ఎక్కకముందే తాళం వేస్తే, తలుపు బయట ఉండిపోయేది కౌలు రైతే.

ఉన్న పద్ధతి బాగుందా?

బాగా లేదు. అది కూడా చెప్పాలి. ఉన్నదంతా అలాగే ఉంచండి అని మేం అనడం లేదు.

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు లైన్లలో నిలబడ్డారు. చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టారు. చైనా నుంచి రావలసింది తగ్గింది, ఫ్యాక్టరీలు ఆగాయి అన్నారు. కారణం ఏదైనా, కాయితం మీద రూ. 266.50 అని ఉండి కొట్లో దొరక్కపోతే ఆ రాయితీ ఎవరికి? దొరికిన చోట లింకు పెడతారు. యూరియా కావాలంటే నానో సీసానో, గుళికలో, ఇంకేదో డబ్బానో తీసుకోవాలి. మాకు కూడా ఒక కొట్లో ఇలాగే అంటగట్టారు. బిల్లు అడిగితే "రేపు రండి" అన్నారు. లింకు అమ్మకం తప్పు. ఎరువులు నిత్యావసర సరుకుల చట్టం కిందికి వస్తాయి, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఉంది. మిషన్ బిల్లు అడగడం మన హక్కు. ఒకడు అడిగితే రేపు రమ్మంటారు, పదిమంది కలిసి అడిగితే ఇవాళే ఇస్తారు.

రాయితీ అందని ఖర్చుల సంగతి ఎవరూ మాట్లాడరు. మిరప రైతుకు ఎరువు కంటే పురుగుమందు ఖర్చు ఎక్కువ. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చేలు ఎలా దున్నేశామో మరిచిపోలేదు. పురుగుమందు మీద రాయితీ లేకపోగా 18 శాతం జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబరులో ట్రాక్టర్ల మీద తగ్గించారు, జీవ సంబంధ మందుల మీద తగ్గించారు, రసాయన మందుల మీద అలాగే ఉంచారు. డీజిల్ ధరల అదుపు 2014 అక్టోబరులో తీసేశారు. కరెంటు మోటారు ఉన్న వాడికి 2004 మే నుంచి ఉచిత కరెంటు ఉంది. వాగులోంచి, కాలువలోంచి ఆయిల్ ఇంజను పెట్టి తోడుకునే వాడికి ఏమీ లేదు. సంస్కరణ చేయాలంటే ఇలాంటి చోట చేయాలి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చి చార్జీలు పెంచినందుకే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. ఉచిత కరెంటు దయాదాక్షిణ్యంగా రాలేదు. 2020లో అదనపు అప్పు కావాలంటే కరెంటు సంస్కరణలు చేయాలని కేంద్రం రాష్ట్రాలకు షరతు పెట్టింది. ముందు మీటరు, తర్వాత బిల్లు మనం కట్టడం, ఆ డబ్బు ఖాతాలో వేయడం అన్నారు. శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టారు. కరెంటు అయినా ఎరువు అయినా దారి ఒక్కటే. ముందు వస్తువును డబ్బు చేస్తారు. డబ్బు అయ్యాక అది ఏ బడ్జెట్‌లో అయినా తగ్గించగలిగే అంకె అవుతుంది.

ఖర్చు ఒక పక్క, ధర ఇంకో పక్క

సబ్సిడీ ఇచ్చి రైతును పోషిస్తున్నామని పట్నాల్లో మాట్లాడతారు. ఇచ్చేది చెబుతారు, తీసుకునేది చెప్పరు. ఓఈసీడీ అనే ధనిక దేశాల సంస్థ 2018లో ఒక లెక్క తీసింది. 2000 నుంచి 2016 దాకా ఎగుమతి ఆంక్షల వల్ల, ధరలు అణచివేయడం వల్ల రైతు నష్టపోయింది ఒక పక్క, ఇచ్చిన సబ్సిడీలన్నీ ఇంకో పక్క పెట్టి చూస్తే, భారత రైతుకు మిగిలింది మైనస్సే అని తేల్చింది. ఏటా సగటున రైతు రాబడిలో 14 శాతం దాకా పోయింది. అంటే మొత్తం మీద సబ్సిడీ ఇచ్చింది మనమే, పుచ్చుకున్నది దేశం.

పత్తి చూడండి. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అలాంటి పత్తి మన మీదికి రాకుండా 11 శాతం దిగుమతి సుంకం ఉండేది. 2025 ఆగస్టు 19న దాన్ని ఎత్తేశారు. ముందు సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి బయటికి వచ్చే నెలలు. పొడుగు పింజకు మద్దతు ధర రూ. 8,110 ప్రకటించారు. కానీ సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్, తేమ 12 శాతం దాటకూడదు. అక్టోబరు ఆఖర్లో మొంథా తుఫాను వానలు పడ్డాక 12 శాతం తేమ ఎక్కడ తేవాలి? ఆరబెట్టే చోటు లేనివాడు వచ్చిన రేటుకు ఇచ్చేశాడు.

మిర్చికి మద్దతు ధరే లేదు. 2025లో రేటు పడిపోయి యార్డులో టిక్కీల పక్కన రైతు కూర్చుంటే, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు రూ. 11,781 అని జోక్యం ధర ప్రకటించింది. ఆ ధరకు మన పెట్టుబడి వస్తుందా? ఎకరం మిరప నష్టపోతే రైతు ఒక్కడే పోడు. కర్నూలు పడమటి ఊళ్ళ నుంచి పిల్లాపాపలతో కోతలకు వచ్చే కూలీలకు పని తగ్గుతుంది. యార్డులో ముఠా వాళ్ళకు, ఆటో వాళ్ళకు, ఊళ్ళో చిల్లర కొట్టుకు తగ్గుతుంది. ఎరువు ఖర్చు పెరిగి రైతు మిరప మానేసి జామాయిల్ కర్ర వేసుకున్నాడనుకోండి, అతని కష్టం తీరుతుందేమో, కోత కూలీ ఏం చేయాలి? రాయితీ లెక్క వేసేవాళ్ళు ఈ చేతులన్నీ లెక్కలో పెట్టాలి.

రాయితీలు తగ్గించాలి, సేంద్రియం చేయాలి అనే వాళ్ళకు కూడా ఒక మాట. పశువుల ఎరువు, జీలుగ, జనుము, పిల్లిపెసర మనకు కొత్త కావు. భూమికి మంచివే. కానీ రాత్రికి రాత్రి చేస్తే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021లో రసాయన ఎరువులు ఆపేశారు, వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, ఆరేడు నెలలకే వెనక్కి తగ్గారు. మన దగ్గర 2023లో పీఎం ప్రణామ్ తెచ్చారు. ఎరువుల వాడకం తగ్గిస్తే మిగిలిన రాయితీలో సగం రాష్ట్రానికి ఇస్తామన్నారు. తగ్గించి నష్టం భరించేది రైతు. అందులో రైతు వాటా ఎంతో, ఎప్పుడు ఇస్తారో రాతలో ఉండాలి.

మనం అడగవలసినవి, మనం చేయవలసినవి

మన కోరికలు ఐదు. ఒకటి, సాగుదారులందరి పేర్లు గ్రామసభలో తేల్చి రాసేదాకా ఎరువుల రాయితీని భూమి రికార్డుకు ముడిపెట్టకూడదు. రెండు, యజమాని సంతకం షరతు తీసేసి, యజమాని హక్కుకు పూచీ ఇచ్చి, కౌలు కార్డు ఇవ్వాలి. మూడు, యూరియా మీద కోత పెట్టి కాదు, పొటాష్, భాస్వరం మీద రాయితీ పెంచి సమతూకం తేవాలి. నాలుగు, పురుగుమందుల మీద జీఎస్టీ తగ్గించాలి, ఆయిల్ ఇంజను రైతుకు డీజిల్ మీద ఆదుకోవాలి. ఐదు, స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు మొత్తం ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలి, మిర్చినీ అందులో చేర్చాలి. గిట్టుబాటు ధర వస్తే సబ్సిడీ కోసం చెయ్యి చాపే అవసరమే మనకు తగ్గుతుంది.

మన చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. ఈ-క్రాప్‌లో దున్నేవాడి పేరే ఎక్కించుకోండి, జాబితా రైతు సేవా కేంద్రంలో అతికించినప్పుడు వెళ్ళి చూసుకోండి. ప్రతి కట్టకూ బిల్లు తీసుకోండి. లింకు పెడితే మండల వ్యవసాయాధికారికి రాసి ఇచ్చి, నకలు సంఘానికి ఇవ్వండి. మట్టి పరీక్ష చేయించుకొని, అవసరం లేని కట్ట తగ్గించుకోండి. యజమానులైన అన్నలకు ఒక విన్నపం. మీ భూమిని దున్నేవాడు నిలబడితేనే మీ కౌలు నిలబడుతుంది. అతనికి కార్డు రావడానికి అడ్డం పడకండి.

వచ్చే నెల లోపల ఒక్కో ఊళ్ళో కౌలు రైతుల జాబితా మనమే రాద్దాం. పేరు, ఎకరాలు, పంట, కార్డు ఉందా లేదా. ప్రభుత్వం దగ్గర లెక్క లేదంటే మన దగ్గర ఉంది అని నరసరావుపేటలో కలెక్టరు గారి ముందు పెడదాం. కాగితం, కలం తెచ్చాం. సమావేశం అయ్యాక ఎవరూ లేచి వెళ్ళకండి, కొండవీడు జాబితా ఇవాళే మొదలుపెడదాం.